హార్డ్ డిస్క్ లేని ల్యాప్‌టాప్‌లో పప్పీ లినక్స్: చెరిపినా చెరగని ఒక ఫోల్డర్ కథ

ఈ ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ లేదు. ఉండేది, 2017 చివర్లో రెండు రోజులు టకటకమని కొట్టుకుని పోయింది. ఇంత పాతదానికి కొత్త డిస్క్ దండగ అనుకుని ఉన్నదాన్ని విప్పి తీసేశాను. అప్పట్నుంచి దీన్ని నడుపుతున్నవి ఒక సీడీ, ఒక పెన్ డ్రైవ్, పప్పీ లినక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. నా రాతకోతలన్నీ దాదాపు దీంట్లోనే. ఇది కూడా.

ప్రాసెసర్ కోర్ డ్యుయో. కోర్ 2 డ్యుయో కాదు, దానికంటే ముందు 2006లో వచ్చిన రకం, 32 బిట్ మాత్రమే. ర్యామ్ 1 జీబీ. పప్పీ చిన్నదనీ, పాత మెషీన్లలో బాగా పరుగెడుతుందనీ అందరికీ తెలుసు. ఎలా దించుకోవాలో, సీడీ మీదకి ఎలా ఎక్కించాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాటి జోలికి పోను. దీన్ని మనకు కావలసినట్టు మార్చుకోవడం ఎలా ఉంటుందన్నదే నేను చెప్పదలుచుకున్నది. ఇన్నేళ్లలో నాకు అంత సరదా పుట్టించిన పని కంప్యూటర్ మీద ఇంకోటి లేదు. నన్ను అంతలా ఏడిపించింది కూడా ఇదే.

సరదా ఎక్కడుందో ముందు చెప్తాను. పప్పీలో అసలు సిస్టమ్ అంతా ఒకే ఫైల్‌లో నొక్కిపెట్టి ఉంటుంది. ఎస్ఎఫ్ఎస్ అంటారు. దాన్ని చదవగలమే గానీ దాని మీద రాయలేం. మనం చేసే మార్పులు, అంటే కొత్త ప్రోగ్రాం పెట్టినా, వాల్‌పేపర్ మార్చినా, ఉత్తరం రాసినా, అన్నీ దాని పైన ఇంకో పొరలో పడతాయి. పైనుంచి చూసే మనకు రెండూ కలిసి ఒకటే డిస్క్‌లా కనిపిస్తాయి. ఆ పై పొరని పెన్ డ్రైవ్ మీద ఒక సేవ్ ఫైల్‌గా దాచుకుంటాం. బూట్ అయ్యేటప్పుడు కింది పొర మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది కాబట్టి, ఆ తర్వాత సీడీ బయటికి తీసేయొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుండగా దాని సీడీని చేతిలో పట్టుకుని చూసుకోవడం మొదటిసారి భలే వింతగా అనిపించింది. అదే డ్రైవ్‌లో పాటల సీడీ పెట్టుకుని పని చేసుకున్నాను.

ఇంకో ముచ్చట. సేవ్ ఫైల్ పెన్ డ్రైవ్ మీద ఉంటే, మార్పులు ఎప్పటికప్పుడు దానిమీదకి వెళ్లవు. ముందు ర్యామ్‌లో ఉంటాయి, అరగంటకోసారి పెన్ డ్రైవ్‌కి చేరతాయి. ఫ్లాష్ మెమరీ మీద రాసే సార్లకి ఒక పరిమితి ఉంటుంది కాబట్టి దాన్ని అరగదీయకుండా అలా చేశారు. ఆ అరగంటని సెట్టింగ్స్‌లో సున్నా చేసుకుంటే, మనం డెస్క్‌టాప్ మీది సేవ్ బొమ్మ నొక్కినప్పుడే సేవ్ అవుతుంది, ఆపేసేటప్పుడు కూడా సేవ్ చేయాలా వద్దా అని అడుగుతుంది. ఆ ప్రశ్నంటే నాకు ప్రాణం. పొద్దున్నుంచీ సిస్టమ్‌ని ఎన్ని కంగాళీ పనులు చేసినా, సాయంత్రం "వద్దు" అని ఒక్కటి నొక్కితే మర్నాడు అంతా నిన్నటిలా ఉంటుంది. ఏం చేసినా చెడదు అన్న ధీమా అది. ఆ ధీమాతోనే నేను లినక్స్ నేర్చుకున్నాను. (ఏం చేసినా చెడదు అన్న మాట ఇక్కడికి ఉంచండి. కింద కొంచెం వెనక్కి తీసుకుంటాను.)

మార్పులు మొదలుపెట్టింది తెలుగు కోసం. పప్పీలో చాలా రకాలున్నాయి. నేను మొదట వాడినది తహర్‌పప్, 6.0.5 వెర్షన్. అందులో తెలుగు ఫాంట్ ఒక్కటీ లేదు. తెలుగు పేజీ ఏది తెరిచినా వరసగా డబ్బాలు. లోహిత్ తెలుగు ఫాంట్ తెచ్చి ఫాంట్ల ఫోల్డర్‌లో "తెలుగు" అని ఒక ఫోల్డర్ చేసి అందులో పడేశాను (పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే). డబ్బాలు పోయాయి. టైపింగ్‌కి ఇంకేదీ పెట్టక్కర్లేకపోయింది. లినక్స్‌లో తెరనీ కీబోర్డ్‌నీ చూసుకునే భాగాన్ని ఎక్స్ అంటారు. దాని కీబోర్డ్ లేఔట్లలో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు ముందునుంచే ఉంటుంది. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారేలా ఒక్క లైను కమాండ్ రాసి, రూట్‌లో ఉండే స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టాను. డెస్క్‌టాప్ వచ్చేటప్పుడు ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వాటంతటవే నడుస్తాయి. అంతే, ఐదు నిమిషాల పని. జియానీ ఎడిటర్‌లో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ సవ్యంగా కూర్చున్నాయి.

అన్ని చోట్లా కాదులెండి. విండోల టైటిల్ పట్టీలు గీసేది జేడబ్ల్యూఎం. నా దగ్గరున్న వెర్షన్‌కి తెలుగు అక్షరాలని కలిపి కూర్చడం రాదు. ఫైలుకి "రాష్ట్రం" అని పేరు పెడితే ఫైల్ మేనేజర్‌లో చక్కగా ఉంటుంది, తెరిస్తే టైటిల్ పట్టీలో మాత్రం ష పక్కన ఒక పొల్లు, ట పక్కన ఇంకో పొల్లు, చివర ర, ఎవడి దారి వాడిదే అన్నట్టు నిలబడతాయి. టెర్మినల్‌లోనూ ఇదే గోల. కొన్నాళ్లు చిరాకు పడ్డాను, తర్వాత ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

ఇవన్నీ సేవ్ ఫైల్‌లో ఉన్నాయి. బాగానే ఉంది. కానీ మనసూరుకోదుగా. సీడీలోనే నా తెలుగు, నా మెనూ, నా కీబోర్డ్ ఉంటే, పెన్ డ్రైవ్ లేకుండా ఏ కంప్యూటర్‌లో పెట్టినా నా సిస్టమే లేస్తుంది కదా అనిపించింది. దానికి పప్పీలోనే రీమాస్టర్ విజార్డ్ ఉంది. నడుస్తున్న సిస్టమ్‌ని ఉన్నదున్నట్టు కొత్త ఎస్ఎఫ్ఎస్‌గా నొక్కి, సీడీ మీదకి ఎక్కించడానికి సిద్ధంగా ఉండే ఐఎస్ఓ ఫైలు చేసి ఇస్తుంది. దాంతోనే మొదటి సీడీ చేశాను. నా వాల్‌పేపర్‌తో, నా ఫాంట్లతో సొంత ఆపరేటింగ్ సిస్టమ్ లేచినప్పుడు కలిగిన గర్వం మామూలుది కాదు. ఒక కాపీ మా బావకి ఇచ్చాను. కొన్నాళ్లకి వాడు తన ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆన్ చేశాడో లేదో, పాస్‌వర్డ్ అడక్కుండా మా వైఫైకి కలిసిపోయింది.

"పాస్‌వర్డ్ కూడా సీడీలోనే పెట్టి ఇచ్చేశావా బావా?"

ఉన్నదున్నట్టు అంటే నిజంగానే ఉన్నదున్నట్టు. మధ్యలో విజార్డ్ ఆగి, సెట్టింగ్స్ ఫోల్డర్లు ఒకసారి సరిచూసుకో అంటుంది. నేను చదవకుండా ఓకే ఓకే అని నొక్కుకుంటూ పోయాను. ఆ రోజు నుంచి విజార్డ్ జోలికి పోలేదు. ఎస్ఎఫ్ఎస్‌ని చేత్తో విప్పడం, అందులో మార్చడం, మళ్లీ నొక్కడం నేర్చుకున్నాను. విప్పడానికి ఒక కమాండ్, నొక్కడానికి ఒక కమాండ్, ఐఎస్ఓ కట్టడానికి ఐఎస్ఓ మాస్టర్, సీడీ రాయడానికి పీబర్న్. చివరి రెండూ పప్పీలో ఉన్నవే.

మొదటిసారి మామూలు పెన్ డ్రైవ్ మీద విప్పాను. అది ఫ్యాట్32 ఫార్మాట్. దానికి సింబాలిక్ లింకులు (ఒక ఫైలు పేరు నుంచి ఇంకో ఫైలుకి దారి చూపేవి) తెలియవు, ఏ ఫైలు ఎవరిదో, ఎవరికి ఏ అనుమతి ఉందో గుర్తుపెట్టుకోవడం తెలియదు. తెర మీద ఎర్రర్ల వాన. అయినా మొండికేసి అలాగే మళ్లీ నొక్కి సీడీ చేశాను, అది సగం దారిలో బిగుసుకుపోయింది. ఇంకో పెన్ డ్రైవ్‌ని లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మార్చుకున్నాక ఆ బాధ తీరింది.

నొక్కే పద్ధతిలో కూడా ఒక బేరం ఉంది. ఎక్స్‌జెడ్‌తో నొక్కితే ఫైలు చిన్నదవుతుంది, కానీ ప్రోగ్రాం తెరిచిన ప్రతిసారీ విప్పుకోవడానికి ప్రాసెసర్ కష్టపడాలి. జీజిప్‌తో నొక్కితే ఫైలు పెద్దది, విప్పడం తేలిక. నా ముసలి ప్రాసెసర్‌కి జీజిప్ పడింది, జియానీ చెప్పుకోదగ్గ తేడాతో త్వరగా తెరుచుకుంటోంది. బదులుగా ర్యామ్ కాస్త ఎక్కువ పోతుంది, ఎందుకంటే ఆ ఫైలు నొక్కిన రూపంలోనే ర్యామ్‌లో కూర్చుంటుంది. మీ మెషీన్‌కి ర్యామ్ ఇంకా తక్కువైతే ఈ లెక్క తిరగబడొచ్చు.

ఇక అసలు కథ. 2019లో బయోనిక్‌పప్ అనే ఇంకో పప్పీకి, దాని 32 బిట్ రకానికి మారాను. దానికీ నా సీడీ ఒకటి చేసుకున్నాను, ఫాంట్ల ఫోల్డర్‌లో నా "తెలుగు" ఫోల్డర్ పెట్టి. కొన్ని నెలలు హాయిగా నడిచింది. ఒకరోజు లోహిత్ మీద మొహం మొత్తింది. మండలి, నోటో సాన్స్ తెలుగు, పోతన మూడూ తెచ్చి కొత్త సీడీ చేద్దామనుకున్నాను. ఆ ఊపులో, ఎలాగూ కొత్తది వస్తోంది కదా అని, నడుస్తున్న సిస్టమ్‌లో పాత "తెలుగు" ఫోల్డర్‌ని డిలీట్ చేశాను. ఇంకా కొన్ని అక్కర్లేనివి కూడా ఊడ్చేశాను. సాయంత్రం "సేవ్ చేయాలా?" అంటే "చేయి" అన్నాను. ఎప్పుడూ వద్దు అనేవాణ్ణి ఆ రోజు చేయి అన్నాను.

మర్నాడు ఎస్ఎఫ్ఎస్ విప్పాను. "తెలుగు" ఫోల్డర్‌లో లోహిత్ తీసేసి మూడు కొత్త ఫాంట్లు పెట్టాను. నొక్కాను, ఐఎస్ఓ కట్టాను, సీడీ రాశాను. బూట్ చేశాను.

డబ్బాలు.

తెలుగు అన్న చోటల్లా డబ్బాలు. మొదటి రోజు చూసిన అవే డబ్బాలు. సీడీ సరిగ్గా రాయలేదేమో అనుకుని ఇంకోటి రాశాను. డబ్బాలే. రాసే వేగం తగ్గించి మూడోది రాశాను. అదీ అంతే. (చెరిపి మళ్లీ రాసుకునే సీడీలు కొనుక్కోవాలన్న బుద్ధి అప్పటికి లేదు. ఆ మూడూ ఇప్పుడు టీ కప్పుల కింద ఉన్నాయి.) ఫాంట్ ఫైళ్లు పాడయ్యాయేమోనని మళ్లీ దించాను. ఫాంట్ క్యాష్ చెరిపి కొత్తగా కట్టే కమాండ్ నాలుగైదు సార్లు కొట్టాను. అది ఏ తప్పూ చెప్పకుండా పని ముగించేది, తెర మీద డబ్బాలు మాత్రం కదిలేవి కావు.

రెండో రోజు రాత్రి తోచింది, సేవ్ ఫైల్ లేకుండా లేపి చూద్దామని. బూట్ లైన్‌లో "పప్పీ పీఫిక్స్=ర్యామ్" అని కొడితే సేవ్ ఫైల్ వంక చూడకుండా కొత్త సిస్టమ్‌లా లేస్తుంది. నా దాంట్లో అలా కొత్తగా లేచినప్పుడు కుక్కపిల్ల రెండుసార్లు మొరుగుతుంది. (2003లో దీన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ఆయన బారీ కౌలర్ తన చివావా కుక్కపిల్ల పేరే దీనికి పెట్టాడు.) మొరిగింది. తెలుగు పేజీ తెరిచాను. మండలి ఫాంట్‌లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

అంటే సీడీ బాగుంది, ఫాంట్లు బాగున్నాయి. నా సేవ్ ఫైల్‌తో లేపితే మాత్రం డబ్బాలు. అందులో ఏదో అడ్డుపడుతోంది. కానీ సేవ్ ఫైల్‌లో ఫాంట్లేమీ లేవు, నేనే తీసేశాను కదా! లేనిది ఎలా అడ్డుపడుతుంది?

మామూలుగా లేపి టెర్మినల్ తెరిచి ఫాంట్ల ఫోల్డర్ చూశాను. "తెలుగు" లేదు. పప్పీలో ఒక్కో పొరనీ విడివిడిగా చూసే వీలుంది. ఇనిట్‌ఆర్‌డీ ఫోల్డర్ లోపల పప్ ఆర్‌వో1 అంటే సేవ్ ఫైల్, పప్ ఆర్‌వో2 అంటే సీడీ నుంచి వచ్చిన కింది పొర. కింది పొరలో చూస్తే "తెలుగు" ఫోల్డర్ నిక్షేపంగా ఉంది, మూడు ఫాంట్లతో సహా. రెండూ పక్కపక్కనే తెరిచి పెట్టుకున్నాను. ఒక కిటికీలో ఉన్న ఫోల్డర్ ఇంకో కిటికీలో లేదు. నిద్ర మత్తేమో అని లేచి మొహం కడుక్కుని వచ్చాను కూడా.

తర్వాత సేవ్ ఫైల్ పొరలోకి వెళ్లాను. ఫాంట్ల ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. రాక్స్ ఫైల్ మేనేజర్ పైన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది, దాచిన ఫైళ్లు చూపించడానికి. దాన్ని నొక్కాను. ఖాళీ అనుకున్న చోట ఒక్క ఫైలు కనిపించింది. ముందు ఒక చుక్క, తర్వాత డబ్ల్యూ, హెచ్, మళ్లీ చుక్క, ఆ పక్కన నా ఫోల్డర్ పేరు, "తెలుగు". సైజు సున్నా.

అప్పుడు అర్థమైంది. కింది పొర మీద రాయలేం అని పైన నేనే చెప్పాను కదా. రాయలేనప్పుడు చెరపడం మాత్రం ఎలా కుదురుతుంది? అందుకని డిలీట్ చేసినప్పుడు సిస్టమ్ ఏం చేస్తుందంటే, పై పొరలో "ఈ పేరు గలది కనిపించకూడదు" అని ఒక గుర్తు పెడుతుంది. వైట్‌అవుట్ అంటారు. గోడ మీది బొమ్మ చెరగదని దాని మీద క్యాలెండర్ తగిలించినట్టన్నమాట. నేను తర్వాత గోడ మీద కొత్త బొమ్మ గీశాను, ఎంతో శ్రద్ధగా, సరిగ్గా ఆ క్యాలెండర్ వెనకాల. ఫోల్డర్ పేరు మార్చి ఉన్నా బతికిపోయేవాణ్ణి. అదే పేరు కాబట్టి అదే గుర్తు దాన్నీ కప్పేసింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను.

కుక్కపిల్లని మళ్లీ మొరిగించి, సేవ్ ఫైల్ మీద క్లిక్ చేస్తే మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంది. ఆ సున్నా సైజు ఫైలుని తీసేశాను. డబ్ల్యూహెచ్ రెండుసార్లు ఉన్న గుర్తులు కొన్ని కనిపించాయి. అవి ఆ పొరల సిస్టమ్ తన సొంతానికి పెట్టుకునేవి కాబట్టి ముట్టుకోలేదు. మళ్లీ బూట్ చేశాను. మండలి వచ్చింది. రాత్రి రెండు దాటింది. ఎవర్నైనా లేపి చెప్పాలనిపించింది గానీ ఇది చెప్తే ఎవరికి అర్థమవుతుంది?

అదే కన్ను బొమ్మతో సేవ్ ఫైల్ అంతా గాలిస్తే ఇంకో సంగతి బయటపడింది. "చోటు కోసం" అని నేను డిలీట్ చేసిన డయలప్ మోడెం పరికరాలు, వాడని ఆటలు, ఇంకా ఏవేవో, అన్నిటికీ ఇలాంటి గుర్తులే. ఒక్కదానికీ చోటు మిగల్లేదు. కింది పొరలో అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ర్యామ్‌లోకి ఎక్కుతూనే ఉన్నాయి. చోటు మిగలాలంటే ఎస్ఎఫ్ఎస్ విప్పి అందులోంచి తీసి మళ్లీ నొక్కాలి. అంతవరకూ నేను చేసిందంతా ఉత్త శుభ్రం నటన.

ఏం చేసినా చెడదు అన్నాను. ఇప్పుడు అలా అనను. సేవ్ చేయనంతవరకు చెడదు. ఒకసారి సేవ్ చేశాక, చేసిన ప్రతి పనీ, తీసేసిన ప్రతి వస్తువూ కూడా, ఒక గుర్తుగా మిగిలి సీడీ మార్చినా వెంటాడుతుంది. ఇది పప్పీ తప్పు అనను. పొరల మీద నడిచే ఏ పద్ధతిలోనైనా ఇంతే. చదవకుండా ఓకే నొక్కే అలవాటు నాది.

దీని తర్వాత పద్ధతి మార్చాను. సొంత సీడీ మోజు కొంత తగ్గింది. ఇప్పుడు పప్పీ అసలు ఎస్ఎఫ్ఎస్‌ని ముట్టుకోను, ఎలా వచ్చిందో అలాగే ఉంచుతాను. నా ఫాంట్లు, కీబోర్డ్ లైను, మెనూ, వాల్‌పేపర్ ఇవి మాత్రం విడిగా ఒక చిన్న ఎస్ఎఫ్ఎస్‌గా నొక్కి దాని పక్కన పెడతాను. దీన్ని ఏడ్రైవ్ అంటారు. సరైన పేరుతో ఉంటే బూట్ అయ్యేటప్పుడు దానంతటదే అసలు ఎస్ఎఫ్ఎస్ పైన, సేవ్ ఫైల్ కింద వచ్చి కూర్చుంటుంది. వందల ఎంబీ విప్పి నొక్కే చోట ఇప్పుడు పట్టుమని పది ఎంబీ లేదు. ఫాంట్ మార్చాలంటే రెండు నిమిషాలు. ముందే తెలిసుంటే ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ణి కాదు. ఒక్క జాగ్రత్త: ఆ ఫైలు పేరు పప్పీ పేరుతో, వెర్షన్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక చుక్క తేడా వచ్చినా ఎర్రర్ ఏమీ ఇవ్వదు, ఊరికే దాన్ని వదిలేసి లేస్తుంది. అది నాకెలా తెలుసో అడగొద్దు.

ఇన్నేళ్ల తర్వాత మిగతా విషయాల్లో నా పొగడ్తలు కూడా కాస్త చల్లబడ్డాయి. ర్యామ్‌లో నడుస్తుంది కాబట్టి మెరుపులా ఉంటుందని అందరికీ చెప్పేవాణ్ణి. జియానీ, ఫైల్ మేనేజర్, పాటలు, లెక్కల షీట్ వరకు ఇప్పటికీ మెరుపే. బ్రౌజర్ తెరిస్తే కథ వేరు. ఉన్న 1 జీబీలో పప్పీ తన వాటా ముందే తీసుకుంది, సేవ్ చేయని మార్పులకీ అందులోంచే చోటు, మిగిలింది బ్రౌజర్‌కి. రెండు ట్యాబ్‌లు పరవాలేదు, నాలుగోది తెరిస్తే మౌస్ పాకుతుంది. పెన్ డ్రైవ్ మీద ఒక స్వాప్ పార్టిషన్ (ర్యామ్ నిండినప్పుడు వాడుకునే చోటు) పెట్టాక కనీసం మొత్తం బిగుసుకుపోవడం ఆగింది.

పైగా 32 బిట్‌కి రోజులు దగ్గర పడుతున్నాయి. క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది. బయోనిక్‌పప్‌కి ఆధారమైన ఉబుంటు 18.04కి మామూలు సపోర్ట్ 2023లో అయిపోయింది. అందుకని బ్యాంకు పనులు దీంట్లో చేయను. పప్పీలో మనం ఎప్పుడూ రూట్ యూజర్‌గానే, అంటే అన్ని అధికారాలతోనే ఉంటాం కూడా. ఇది చాలామందికి మింగుడుపడదు, వాళ్ల భయం ఉత్తుత్తిదేం కాదు. సీడీ మీద రాయలేరు కదా అన్నది నా సమాధానం. కానీ సేవ్ ఫైల్ మీద రాయొచ్చు, పైన చెప్పిందంతా దానికి సాక్ష్యమే. బ్రౌజర్‌ని మాత్రం స్పాట్ అనే మామూలు యూజర్ కింద నడుపుతాను. మంచిదో చాలదో, అదైనా ఉంది.

సేవ్ ఫైల్ సైజు గురించి కూడా ఒక మాట. మొదట్లో 512 ఎంబీ చాలనుకున్నాను. పెంచుకునే సౌకర్యం ఉంది, తగ్గించుకునేది లేదు. లినక్స్ ఫార్మాట్‌లో ఉన్న పెన్ డ్రైవ్ అయితే ఫైలుకి బదులు సేవ్ ఫోల్డర్ పెట్టుకోవచ్చు, అప్పుడు ఈ సైజు గొడవే ఉండదు. నేను ఫోల్డర్‌కి మారాను. దాంట్లోకి వెళ్లి గుర్తులు వెతకడం కూడా తేలిక, ఏదీ మౌంట్ చేయక్కర్లేదు. మూడు నెలలకోసారి కన్ను బొమ్మ నొక్కి ఒక చుట్టు తిరిగి వస్తాను, కొట్టు గదిలో ఏముందో చూసినట్టు. ఆ ఫోల్డర్‌ని అప్పుడప్పుడూ ఇంకో పెన్ డ్రైవ్‌కి కాపీ చేసి ఉంచుకుంటాను. సేవ్ అవుతున్నప్పుడు ఒకసారి కరెంటు పోయింది, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఆ రోజు ఆ కాపీయే కాపాడింది.

మీరు తీసుకోవచ్చా అంటే, ఏం చెప్పను. నా పని రాయడం, అప్పుడప్పుడూ స్కాన్ చేయడం, పాటలు వినడం. వీడియో కాల్స్ ఫోన్‌లో, బ్యాంకు ఫోన్‌లో. ఇలాంటి పనికి, విప్పి చూసే ఓపిక ఉన్నవాళ్లకి ఇది బాగుంటుంది. రెండు రాత్రులు డబ్బాలతో కుస్తీ పట్టే తీరిక నాకు ఆ రోజుల్లో ఉంది, ఇప్పుడైతే ఉండేది కాదేమో. 64 బిట్ మెషీన్, 4 జీబీ ర్యామ్ ఉంటే నేను చెప్పిన సగం ఇబ్బందులు మీకు రావు, అప్పుడు ఫోసాపప్ లాంటి 64 బిట్ పప్పీలు చూసుకోవచ్చు. నేను వాటిని వేరేవాళ్ల మెషీన్‌లో ఓ గంట నడిపానంతే, అంతకంటే చెప్పలేను. మా బావ మాత్రం ఆ వైఫై సంఘటన తర్వాత కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. నేనిచ్చిన సీడీ ఇంకా దాచుకున్నానంటాడు. అందులో పాత పాస్‌వర్డ్ ఉంది, పోతే పోనీ.

ఈ మధ్య నా డ్రైవ్ ట్రే దానంతటది బయటికి రావడం మానేసింది. పక్కనున్న చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్ విప్పి గుచ్చితే వస్తుంది. ఆ క్లిప్‌ని ల్యాప్‌టాప్ మూతకి టేపుతో అంటించాను. పెన్ డ్రైవ్ నుంచే బూట్ చేసేలా ఫైళ్లు కాపీ చేసి పెట్టుకున్నాను గానీ, ఈ మెషీన్ బయాస్ (ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం) దాన్ని మూడుసార్లకి ఒకసారి గుర్తుపడుతుంది. అందుకని ప్రస్తుతానికి సీడీయే.